మంచం నొక్కి మేలుకున్నవాళ్ళు

లారీ యార్డులో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. భూతద్దం అంటారు. ముఖాన అనరు, వెనక అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, కానీ తెలిసినట్టు కనపడడు. ఎవరెవరు అంటున్నారో కనిపెట్టాలంటే తెలియనట్టు ఉండటమే మంచిదని ఆయన లెక్క. టైర్లలో గాలి నిండుగా ఉందని మెకానిక్కు చెబితే సరేనంటాడు, మెకానిక్కు అటు తిరగగానే తానే వంగి తట్టి చూస్తాడు. టీలో పంచదార వేశామంటే చెంచాతో అడుగు కెలికి చూస్తాడు. ఇంట్లో భార్య తలుపు గడియ పెట్టి వచ్చాక లేచి వెళ్ళి ఇంకోసారి లాగి చూసొస్తాడు. "ఈయన నీడ ఈయన వెనకాల నడిచినా, ఎవరు పంపితే వచ్చావని అడిగే రకం" అని ఆవిడ నవ్వుతుంది. ఇన్నేళ్ళ డ్రైవరీలో తన బండి మీద ఒక్క గీత కూడా పడలేదంటే అదంతా తన అనుమానం చలవే అని ఆయన నమ్మకం. జీవితంలో అనుమానించకుండా నమ్మిన సంగతి అదొక్కటే.

ఆయనకు మనుషుల మీద ఎంత అనుమానమో, లారీలో బిగించిన పెట్టె మీద దానికి రెట్టింపు. స్టీరింగు పక్కన అరచేతిలో ఇమిడేంత పెట్టె అది. డ్రైవరు తన కార్డు దాంట్లో దూర్చాలి. బండి కదిలితే స్టీరింగు బొమ్మ వెలుగుతుంది. సరుకు ఎక్కించడం, తాళ్ళు బిగించడం లాంటి పనుల్లో ఉంటే సుత్తి బొమ్మ నొక్కాలి. విశ్రాంతి తీసుకుంటే మంచం బొమ్మ నొక్కాలి. సరిపడా మంచం పడకపోతే మళ్ళీ స్టీరింగు ముట్టుకోకూడదని చట్టం. చట్టం మంచిదే. కానీ పెట్టెకు కళ్ళు లేవు కదా! మంచం నొక్కిన మనిషి పడుకున్నాడో, గోదాము ముందు మిట్టమధ్యాహ్నం వరసలో నిలబడి చెమటలు కక్కుతున్నాడో దానికేం తెలుసు? చెప్పింది రాసుకుంటుంది, అంతే. యార్డులో ఇదో పరిభాష అయిపోయింది. "ఏం చేస్తున్నావురా?" అని ఒకడు అడిగితే, భుజం మీద తాళ్ళు మోసుకుంటూ ఇంకొకడు "మంచం మీదున్నా" అంటాడు. అందరూ నవ్వుతారు. భూతద్దం మాత్రం నవ్వడు. ఆయన పని చేస్తే సుత్తి నొక్కుతాడు, పడుకుంటే మంచం నొక్కుతాడు. ఎప్పటికైనా ఎవడో ఒకడు వచ్చి ఆ పెట్టె విప్పి చూస్తాడని ఆయన భయం.

అటువంటి మనిషిని తీసుకెళ్ళి కంపెనీవాళ్ళు సొంత అల్లుడితో జత కట్టారు.

దూరపు ట్రిప్పులకు ఒక బండికి ఇద్దరు డ్రైవర్లు. ఒకడు నడుపుతుంటే రెండోవాడు సీటు వెనక పరదా లాక్కుని పడుకుంటాడు, తర్వాత మారతారు. బండి ఆగే పని లేదు. అల్లుడు అదే కంపెనీలో అలాంటి బండి మీద ఉండేవాడు. అతని జతగాడు ఉన్నట్టుండి మానేశాడు. ఎందుకు మానేశావంటే చెప్పలేదు. ఆఫీసులో కూర్చునేవాళ్ళు ఆలోచించి, "మామా అల్లుళ్ళు, ఒకింటి మనుషులు, కీచులాడుకోరు" అని ఇద్దరినీ కలిపేశారు. మామా అల్లుళ్ళ సంగతి వాళ్ళకేం తెలుసు? ఒకే అరుగు మీద గంటసేపు కూర్చోబెడితేనే ఒకరు తూర్పు చూస్తారు, ఒకరు పడమర చూస్తారు. ఇంటి దగ్గర "అల్లుడుగారూ, మీరు" అనాలి. యార్డులోకి వస్తే అతను తనకంటే చిన్న డ్రైవరు, "నువ్వు" అనాలి. ఆ చిన్న క్యాబిన్‌లో అది ఇల్లో, యార్డో తేల్చుకోవడానికే ఆయనకు మొదటి ట్రిప్పు సగం గడిచిపోయింది.

ఆ మొదటి ట్రిప్పుకు బయల్దేరే రోజు కూతురు గుమ్మం దాకా వచ్చింది. అప్పటికి ఆమెకు ఆరో నెల, ఒక చేయి నడుం మీద పెట్టుకుని నిలబడింది. మొగుడు బండి దగ్గరికి వెళ్ళాక తండ్రిని పక్కకు పిలిచింది.

"నాన్నా, నా పుట్టిల్లూ మెట్టిల్లూ ఒకే బండెక్కి పోతున్నాయి. ఆ బండికేమైనా అయితే నాకు ఈ పక్కా ఉండదు, ఆ పక్కా ఉండదు. ఆయన మీద ఓ కన్నేసి ఉంచు."

"నువ్వు చెప్పాలా తల్లీ" అన్నాడు భూతద్దం. నిజంగానే ఆమె చెప్పాల్సిన పని లేదు. అల్లుడి జతగాడు ఎందుకు మానేశాడన్న పురుగు అప్పటికే ఆయన బుర్రలో తొలుస్తోంది.

బండి ఊరు దాటాక అల్లుడు స్టీరింగు పట్టాడు. భూతద్దం మంచం నొక్కి, సీటు వెనక పడకలోకి జరిగి, పరదా లాక్కున్నాడు. పడక సన్నం, పరుపు మెత్తన. వెనక పెట్టెల కొద్దీ నేలకు పరిచే టైల్సు, బండి తూగు కూడా ఉయ్యాల తూగులాగే ఉంది. ఎవరికైనా నిద్ర ముంచుకు రావాలి. ఆయన మాత్రం చెవులు రిక్కించి పడుకున్నాడు. గేరు ఇంత ఆలస్యంగా మార్చాడేం? ఆ బ్రేకు ఎందుకు తొక్కాడు? ఇప్పుడెందుకు తొక్కలేదు? కాస్త సేపటికి చప్పుడేమీ లేకపోతే ఆయన గుండె జారింది. బండి ఇంత సాఫీగా పోతోందంటే వీడు కునికిపాట్లు పడుతున్నాడా ఏం? పరదా అంచు వేలెడంత జరిపి చూశాడు. అల్లుడి తల నిటారుగానే ఉంది. ఉందిలే అని కళ్ళు మూశాడు, మూసీ మూయగానే అది ఎంతసేపు నిటారుగా ఉంటుందో ఎవడికి తెలుసు అనిపించి మళ్ళీ తెరిచాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు గానీ, అనుమానం ఆ రెంటినీ ఎరగనివ్వదు.

వంతు మారేటప్పుడు అల్లుడు అడిగాడు. "బాగా పట్టిందా మామయ్యా?"

"ఒళ్ళు తెలియలేదు అల్లుడూ" అన్నాడు ఆయన. లేకపోతే ఏమంటాడు? నీ మీద నమ్మకం లేక మేలుకున్నానని పిల్లనిచ్చిన మామ అంటాడా?

తర్వాత ఆయన నడిపాడు, అల్లుడు పడుకున్నాడు. మళ్ళీ మారేటప్పుడు ఆయన, "మీకో? బాగా పట్టిందా?" అని అడిగాడు. ఇంటి దగ్గరి ఈ "మీకో" పొరపాటున వచ్చేసింది.

"బ్రహ్మాండంగా పట్టింది మామయ్యా" అన్నాడు అల్లుడు.

ఆ బ్రహ్మాండం అన్న మనిషి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. భూతద్దం ఆ కళ్ళను చూశాడు, మనసులో రాసిపెట్టుకున్నాడు. వీడు అబద్ధాలకోరు. ఒక అబద్ధం ఉన్నచోట పది ఉంటాయి.

అక్కడి నుంచి వెతుకులాట మొదలైంది. బండి ఆపిన ప్రతిచోటా అల్లుడు ఫోన్ పట్టుకుని దూరంగా పోతాడు. గుసగుసగా మాట్లాడతాడు. మామ రావడం చూస్తే "సరే, ఉంటా" అని పెట్టేస్తాడు. ఎవరితో? అడిగితే "ఇంటికి మామయ్యా" అంటాడు. ఇంటికైతే గుసగుసలెందుకు? కట్టుకున్న పెళ్ళాంతో మాట్లాడటానికి లారీ చాటు కావాలా? ఒకసారి భూతద్దం టైరు చూసే మిషతో బండి కిందికి వంగి చెవి పెట్టాడు. "లేదు, ఇవాళ కూడా అంతే... ఆయనకు తెలీకుండా చూసుకుంటున్నాలే" అన్న ముక్క వినపడింది. ఆ ముక్క చాలు. ఆ ట్రిప్పంతా ఆయన పరదా వెనక కళ్ళు కూడా ఆర్పలేదు. తనకు తెలియకుండా చూసుకునే సంగతి ఏమై ఉంటుంది? తాగుడా, అప్పులా, ఇంకెక్కడైనా ఇంకో సంసారమా? కూతురి కడుపు గుర్తొచ్చి ఆయన పడక మీద లేచి కూర్చున్నాడు.

అనుమానాన్ని మోసుకుంటూ ట్రిప్పు మీద ట్రిప్పు నడిచింది. ఇంటికొస్తే ఆయన చెక్కదిమ్మలా పడి నిద్రపోయేవాడు. భార్య ఆయన మీద నీళ్ళు చల్లి లేపాల్సి వచ్చేది. "బండిలో పడుకోవడం లేదా ఏంటి?" అని ఆవిడ అడిగితే, "ఎందుకు పడుకోను? కావాలంటే పెట్టెలో చూసుకో" అనేవాడు. జీవితంలో మొదటిసారి పెట్టె ఆయన పక్షాన సాక్ష్యం చెబుతోంది. పడుకుంటేనే మంచం నొక్కే మనిషి మేలుకుని మంచం నొక్కుతున్నాడు. ఈ తప్పు ఆయనకు తప్పులా కూడా తోచలేదు. బొమ్మ నొక్కుతున్నాడు, పడక మీద పడుకుంటున్నాడు, కళ్ళు మూయడం ఒక్కటే బాకీ.

ఈలోగా ఇంకో తమాషా జరిగింది. డ్రైవర్ల విశ్రాంతి లెక్కలు చూసే ఆఫీసరు ఒకావిడ ఉంది. చిన్న వయసు, గట్టి మనిషి. ఆవిడ పెట్టెలన్నీ తిరగేసి, మామా అల్లుళ్ళ బండికి ఉన్నంత చక్కటి విశ్రాంతి లెక్క ఏ బండికీ లేదని తేల్చింది. యార్డులో అందరి ముందూ నిలబెట్టి, "వీళ్ళని చూసి నేర్చుకోండి" అంది. చప్పట్లు కొట్టించింది. మామా అల్లుళ్ళు పక్కపక్కన నిలబడి, నలుగురు మోస్తే తప్ప లేవని కనురెప్పల్ని పైకి పట్టుకుని నవ్వారు. వెనక నుంచి ఎవడో "భూతద్దానికి నిద్ర కూడా పెద్దదిగానే పడుతుందిరా" అన్నాడు. ఎవడన్నాడో ఆయన తిరిగి చూడలేదు, ఆయనకు అంత ఓపిక లేదు.

ఆ తర్వాతి ట్రిప్పులోనే జరిగింది అది. మధ్యాహ్నం భోజనం అయింది. రోడ్డు తాడు లాగినట్టు తిన్నగా ఉంది, ఎదురు బండి కూడా లేదు. భూతద్దం స్టీరింగు మీద ఉన్నాడు. అద్దంలో పరదా వైపు ఓసారి చూసుకున్నాడు. పరదా అంచు కదిలినట్టు అనిపించింది. వీడు నన్ను చూస్తున్నాడా అనుకున్నాడు. ఎందుకు చూస్తాడు, ఏం దాస్తున్నాడు అని ఆలోచన అల్లుకుంటూ పోయింది. అలా అల్లుకుంటూనే ఎక్కడో తెగిపోయింది.

"మామయ్యా!"

ఆ కేకతో పాటు ఒక చేయి ఆయన భుజం మీదుగా దూసుకొచ్చి స్టీరింగు పట్టుకుంది. బండి కంకర మీద గరగరలాడుతూ పోతోంది. పక్కనే కాలువ ఉంది. రోడ్డు పక్క రాయి ఒకటి బండి ఒళ్ళంతా గీరుకుంటూ పోయింది. ఆయన కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బండి కాలువ గట్టున ఆగి, ఒకసారి ఊగి, నిలబడింది.

అల్లుడి మోచేయి దగ్గర చొక్కా చిరిగి నెత్తురు కారుతోంది. పరదా కొక్కెం గీసేసింది. ఇంత భయంలోనూ ఆయన పాడు బుద్ధి ఊరుకోలేదు, నోట్లోంచి మొదట వచ్చిన మాట ఇది.

"నువ్వు నిద్రపోలేదా?"

"మీరు నిద్రపోతేగా నేను పోవడానికి!" అన్నాడు అల్లుడు. మామ మీద అతను గొంతు పెంచడం అదే మొదలు. "నడుస్తున్న బండిలో మీరు ఒక్కసారైనా కన్ను మూశారా? పరదా సందులోంచి మీ కన్ను నాకు అద్దంలో కనపడుతూనే ఉంటుంది మామయ్యా. నిద్రలేని మనిషి చేతికి స్టీరింగిచ్చి వెనక నేనెలా పడుకుంటాను?"

"మరి బ్రహ్మాండంగా పట్టిందన్నావు?"

"మీరు ఒళ్ళు తెలియలేదన్నారు. నేనేం అనాలి?"

"ఆ గుసగుసల ఫోన్లు?"

"మీ అమ్మాయే. బయల్దేరేటప్పుడు నాకు చెప్పింది, నాన్న పెద్దవాడయ్యాడు, ఆయన మీద ఓ కన్నేసి ఉంచండి అని. రోజూ అడుగుతుంది, నాన్న పడుకున్నాడా అని. పడుకోలేదంటే బెంగపెట్టుకుంటుంది. అయినా అబద్ధం చెప్పలేను. నేను కాపలా కాస్తున్నట్టు మీకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని చాటుగా మాట్లాడాను."

పిచ్చితల్లి ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కన్నేసి కూర్చున్నారు. లెక్క ప్రకారం నిద్రపోయిన ఇద్దరు మనుషులు, నిజానికి నిద్రే లేని ఇద్దరు మనుషులు, ఆమె బతుకు మొత్తాన్ని ఆ తిన్నటి రోడ్డు మీద ఇన్నాళ్ళూ అటూ ఇటూ తిప్పారు. ఆయన కాలువ వైపు చూశాడు. తలుపు తీసుకుని దిగి, గట్టున కూర్చుండిపోయాడు.

"మరి నీ పాత జతగాడు ఎందుకు మానేశాడు?" అని కాసేపటికి అడిగాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"వాళ్ళావిడ వద్దంది" అన్నాడు అల్లుడు.

ఆ రోజు బండి అక్కడే నిలబెట్టి వంతులవారీగా పడుకున్నారు. సరుకు ఆలస్యంగా చేరింది. యార్డుకు తిరిగొచ్చేసరికి ఆఫీసరమ్మ కాచుకుని ఉంది. ఉన్నట్టుండి బ్రేకు పడటం, దారిలో అంతసేపు ఆగడం, ఆ సమయంలో కార్డు భూతద్దానిదే అవడం, అన్నీ పెట్టె చెప్పేసింది. బండికి ఒక పక్కంతా గీరుకుపోయి ఉండనే ఉంది. ఒక్కొక్కరినే లోపలికి రమ్మంది.

గది బయట బెంచీ మీద అల్లుడు మెల్లగా అడిగాడు. "ఏం చెప్దాం మామయ్యా?"

"ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుందాం" అన్నాడు భూతద్దం. గట్టు మీద అంత కదిలిపోయిన మనిషికి ఆఫీసు బెంచీ ఎక్కగానే పాత పురుగు లేచింది. ప్రాణం కాపాడాడు, నిజమే. కానీ ఉద్యోగం దగ్గరికొస్తే ఎవడికి వాడే. తప్పు నాది, సాక్షి అతను. అతను చెప్పేలోగా నేనే చెప్పేస్తే మర్యాదైనా దక్కుతుంది. ఇంత లెక్క వేసుకుని లోపలికెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నడిపింది తనే. కునుకు పట్టింది తనకే. మంచం నొక్కాడు గానీ నిద్రపోలేదు. ఈ వయసులో ఇలాంటి మాట ఒప్పుకుంటే మళ్ళీ లైసెన్సు చేతికి రాదని ఆయనకు తెలుసు. ఆవిడ అంతా రాసుకుని, బయట కూర్చోమంది.

అల్లుడు లోపలికెళ్ళాడు. తలుపు పూర్తిగా పడలేదు. భూతద్దం బెంచీ మీద నుంచి లేచి తలుపు సందు దగ్గర చేరాడు. మంచి పని కాదని తెలుసు. ఇప్పుడు నా మీద ఏమేం చెబుతాడో చూద్దాం అనుకున్నాడు.

"బండి నడుపుతున్నది నేను మేడం" అంటున్నాడు అల్లుడు.

"కార్డు మీ మామగారిదే ఉంది కదా?"

"కార్డు మార్చకుండా నేను ఎక్కేశాను. ఆయన వెనక పడుకున్నారు. కునుకు పట్టింది నాకే. ఆయనకేం సంబంధం లేదు."

"ఇంకొకరి కార్డు మీద నడపడం అంటే ఏంటో తెలుసా? పని పోతుంది. లైసెన్సు పోతుంది."

"తెలుసు మేడం."

"తనే నడిపానని ఆయన ఒప్పుకున్నారు."

"ఆయన అలాగే అంటారు. కూతురి మొగుణ్ణని నన్ను కాపాడుతున్నారు."

ఒకరి కార్డు మీద ఇంకొకరు నడపడం ఏ యార్డులోనైనా ఉన్న దొంగాటే, ఆవిడ చూడనిది కాదు. అందుకే తేలిగ్గా నమ్మింది. కాగితం ముందుకు లాక్కున్న చప్పుడు వినపడింది. వీడు ఈ వయసులో లైసెన్సు పోగొట్టుకుంటే నా కూతురి గతేంటి, పుట్టబోయే బిడ్డ గతేంటి? ఎవడి కోసం ఇదంతా? ప్రతి ట్రిప్పులో తనను దొంగలా చూసిన మనిషి కోసమా? ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

ఆవిడ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు" అంది. "ఎవరు?"

"ఇతనే" అన్నాడు భూతద్దం.

"మామయ్యా, మీరు బయట..."

"నువ్వుండు!" ఆయన అల్లుడి చేయి పట్టుకుని, చొక్కా చెయ్యి మడిచి ఆవిడ బల్ల ముందు పెట్టాడు. మోచేతి మీద గీత ఇంకా ఎర్రగానే ఉంది. "ఇది పరదా కొక్కెం గీసిన గీత మేడం. కొక్కెం సీటు వెనకాల ఉంటుంది. స్టీరింగు ముందు కూర్చున్నవాడికి అదెక్కడ తగులుతుంది? వెనక నుంచి దూకినవాడికే తగులుతుంది. వెళ్ళి చూడండి, దాని మొనకు చొక్కా దారం ఇంకా వేలాడుతూనే ఉంది."

ఆవిడ గీతను చూసింది. అల్లుడు తల దించుకున్నాడు.

"ఇతను అబద్ధాలకోరని మొదటి రోజు నుంచీ నా అనుమానం" అన్నాడు భూతద్దం. కళ్ళ నీళ్ళు బొటబొటా రాలుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. "పట్టుకుందామని ఇన్నాళ్ళూ నిద్ర మానుకుని కాపలా కాశాను. ఇవాళ దొరికాడు."

జేబులోంచి తన కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఇక దాంతో పని లేదని ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఆవిడ అల్లుడి మాటలు రాసుకున్న కాగితాన్ని చింపి పారేసి, కొత్తది తీసుకుని, కలం పట్టుకుంది.

"అయితే ఉన్నదున్నట్టు రాస్తాను" అంది.

"రాయండి మేడం" అన్నాడు ఆయన. "అల్లుడు అబద్ధమాడాడని కూడా రాయండి. మా అమ్మాయికి చూపించుకోవాలి."